వాండమ్మకు గిట్టని పిట్టపేర్లు

వాండా కోవాల్‌స్కీకి పిట్టల మీద ఎంత ప్రేమో, వాటి పేర్ల మీద అంత మంట. ముప్పయ్యేళ్లు బడి బస్సు నడిపిన గొంతు ఆవిడది. ప్రతి శనివారం పొద్దున్నే పిట్టలు చూపిస్తానని పిట్టల సంఘం వాళ్లందరినీ ఈరీ సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లి అరిచేసరికి, సగం పిట్టలు ఎగిరిపోయేవి.

"విల్సన్ పిట్టట! ఎవడయ్యా ఈ విల్సన్? గుడ్డు పెట్టాడా, పొదిగాడా? నెత్తిన నల్లటోపీ, పొట్టంతా నిమ్మపండు పసుపు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదా?"

ఎర్రపొట్ట వడ్రంగిపిట్ట కనబడిందా, ఇక చెప్పక్కర్లేదు. "ఎరుపు నెత్తిమీదుంటే పొట్టంటాడా! పేరుపెట్టినవాడు శీర్షాసనం వేసి చూశాడా?"

కనబడ్డ పిట్టల జాబితా రాసే లైల్‌కు రెండేళ్లుగా ఇదే ప్రాణసంకటం.

"వాండమ్మా, పుస్తకంలో పేరు చెప్పు తల్లీ. 'నిమ్మపసుపు నల్లటోపీ' అని రాసి పంపితే పిట్టల లెక్కలు చూసేవాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు."

"నవ్వనీ! మనుషుల పేర్లున్న పిట్టలకు పేర్లు మారుస్తామని పక్షిశాస్త్రం పెద్దలే అన్నారుగా. వాళ్ల కమిటీలు తేలేలోగా నేను మార్చేశా."

లైల్‌కు ఒళ్లు మండింది. సంఘంలో గట్టిగా మాట్లాడి తీర్మానం చేయించాడు: వచ్చేవారం నుంచి శనివారం పిట్టల నడక నడిపించేది వాండా కాదు. ఆ మాట ఆవిడ మొహానే చెప్పేయాలని శనివారం బయల్దేరాడు.

చెప్పబోతుండగా ఆవిడ కేక: "అదిగో! కుడివైపు! వెన్ను బూడిదరంగు, మెడలో నల్లపూసల దండ, కళ్లకు తెల్ల జోడు!"

"ఆహా, ఎంత ముద్దుగా ఉందో!" అన్నాడు ఓటిస్ వెనకనుంచి. మోకాళ్ల నొప్పులని రెండేళ్ల కిందట క్షౌరశాల మూసేసిన మనిషి. బైనాక్యులర్స్ కళ్లకు ఆనించి మురిసిపోతున్నాడు.

వాటి అద్దాల మీది మూతలే తియ్యలేదు.

"ఓటిస్, మూత..." అని లైల్ నోరు తెరిచాడో లేదో, వాండమ్మ బూటు అతని కాలి మీద దిగింది.

"నోర్ముయ్," అంది పళ్లబిగువున. అంత చిన్న గొంతు ఆవిడకుందని లైల్‌కు అంతవరకూ తెలియదు. "కత్తెర పట్టలేనంతగా చూపు పోయిందని ఎవరికీ చెప్పుకోడు. మనకూ తెలియదు. అర్థమైందా?"

లైల్ తీర్మానం కాగితాన్ని జేబులో నలిపేశాడు. గొంతు సవరించుకుని పొదవైపు చూశాడు.

"అదిగో ఓటిస్, ఎడమవైపు! ఒక... గోధుమరంగు పిట్ట!"

"గోధుమరంగా!" వాండమ్మ విరుచుకుపడింది. "ఏ గోధుమ? పిండా, గింజా, మాడిన రొట్టె అంచా? కళ్లున్నాయి దేనికయ్యా నీకు? సరిగ్గా చెప్పు!"