నాన్న అవతలి పక్క చూడని గోడ

మలయాకి మెర్దేకా, అదే స్వాతంత్ర్యం, ఇంకా రాని రోజులు. మా అక్క తొలి కాన్పుకి పుట్టింటికి రావాలి. ఉన్న రెండు గదుల్లో మేమూ, నాయనమ్మా, ఆవిడ దగ్గూ సర్దుకుని బతుకుతున్నాం. పెరట్లో ఇంకో గది వేస్తేనే అక్కకి చోటు. దాని కప్పు దూలమేమో పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడలో దిగాలి. అది కుదరకపోతే అక్క పురుడు అత్తారింట్లోనే, ఆ గయ్యాళి అత్తగారి చేతుల్లోనే. అమ్మకి నిద్ర పట్టేది కాదు.

ఉమ్మడి గోడల విషయంలో అప్పటి మా ఊరు తెలుక్ ఆన్సన్‌లో మా నాన్నని మించినవాడు లేడు. సర్వే ఆఫీసులో నక్షాలు గీసేవాడు. మెత్తటి నేల, గోడలు ఊరికే బీటలు వారేవి. సలహా కోసం వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం.

"గోడ ఇద్దరిదీని. ముట్టుకునే ముందు పక్కోడికి సెప్పండి. ఇద్దరూ కలిసి రెండు పక్కలా సూడండి, బీటలు గీసి పెట్టుకోండి. ఆ తరవాతే ఉలి."

సలహా ఉచితం. పైగా కాఫీ కూడా మాదే.

ఇక్కడే చిక్కొచ్చింది. పక్కింటాయన నాన్నని "అన్నా" అనేవాడు. ఆ వరసన ఆయన భార్య, మా పిన్ని, నాన్నకి తమ్ముడి పెళ్లాం. మా వాళ్లలో అలాంటి ఆడది బావగారికి ఎదురుపడదు, నేరుగా మాట్లాడదు. అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాలు, ఊళ్లో రాత్రిళ్లు కర్ఫ్యూ; బాబాయేమో స్పెషల్ కానిస్టేబులు. ఎస్టేటు ముళ్లకంచె దగ్గర తుపాకీతో కాపలా, ఇంటికొచ్చేది ఎప్పుడో. అందుకని నాన్న పెరట్లో నిలబడి గోడతో మొరపెట్టుకున్నాడు.

"గోడా, నీలో ఓ దూలం దించాల. పిల్ల కాన్పుకొస్తంది."

అవతల నుంచి పిన్ని కూడా, మాట చివర మలాయ్ వాళ్ల "లా" తగిలించి, గోడకే జవాబిచ్చింది. "దానికేటి గోడా, దించుకోమను లా!"

అనుమతి దొరికింది. మగదిక్కు లేనప్పుడు తమ్ముడి ఇంట్లోకి బావగారు ఎలా వెళ్తాడు? నాన్న మా పక్క మాత్రం శ్రద్ధగా చూసి, బీటలన్నీ అందంగా గీసి, మేస్త్రీని పిలిచాడు.

నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో ఉలి అవతలికి దిగిపోయింది. పిన్ని దేవుళ్ల కోసం అటు నుంచి గోడని సగం తొలిపించి గూడు చేయించుకుంది. ఆ సంగతి ఆవిడా గోడకి చెప్పలేదు.

నాన్న నిచ్చెనెక్కి కన్నంలోంచి చూశాడు. జానెడు దూరంలో, స్టూలెక్కి ప్రమిద పట్టుకున్న పిన్ని మొహం. నాన్న గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"తప్పయిపోనాది. పని ఆపేస్తాను."

కింద అమ్మ, ఇక గది లేనట్టే అనుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. పిన్ని మాట్లాడటానికి గోడ కోసం వెతికింది. అక్కడ గోడ లేదు.

"బావగారూ, కళ్లు తెరవండి. గది ఆపకండి, దూలం ఓ మూర పక్కకి జరపండి. ఈ కన్నం మూయించకండి. రేతిరి కర్ఫ్యూలో నొప్పులొస్తే మంత్రసాని కోసం ఈదిలోకి ఎవులెల్తారు? ఇందులోంచి నన్ను కేకెయ్యండి, పెరటి దారిన వస్తాను. పురుడు నేను పోస్తాను."

ఆవిడ అన్నట్టే రాత్రి నొప్పులొచ్చాయి. అన్నట్టే ఆవిడే పురుడు పోసింది. బిడ్డని తెచ్చి నేరుగా నాన్న చేతుల్లో పెట్టింది. ఆయన ఆవిడ ఎదురుగానే ఏడ్చాడు.