నేను సున్నం వేసిన వరదలు

ప్రాణహితకు మూడు తరాలుగా వచ్చిన వరదలన్నింటినీ ఒక్క మధ్యాహ్నంలో మాయం చేసిన ఘనురాలిని నేను. ఆనకట్ట కట్టలేదు, మంత్రం వేయలేదు. ఒక కుంచె, అర బకెట్ సున్నం సరిపోయాయి. ఇన్నేళ్ల తర్వాత తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి. అయినా చెప్పేస్తాను. నేను చెప్పకపోతే ఆ నది ఒడ్డున సిరోంచలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు ఇంకా బాగా చెబుతారు.

ఎనభైల్లో మాట. మాది మహారాష్ట్ర అంచున, సిరోంచ దగ్గర బామ్ని. వరి పండించే ఇల్లు. మా ఊరి నుంచి నాగపూరు వెళ్లి ఎమ్మెస్సీ చదువుతున్న మొదటి ఆడపిల్లను కాబట్టి అప్పట్లో నా కాళ్లు నేలకు ఆనేవి కావు. పైగా చదువు కూడా కొత్త రకం. పర్యావరణం. ప్రకృతి వల్ల మనుషులకు వచ్చే ముప్పులేమిటి, వాటిని ఎలా తట్టుకుంటారు, దెబ్బ తిన్నాక మళ్లీ ఎలా నిలదొక్కుకుంటారు అన్నది మా పాఠం. ఇదంతా మా నాన్నకు అరగంట వివరిస్తే ఆయన శ్రద్ధగా విని, "అంటే వానకాలం గురించి చదువుతున్నవన్నట్టు" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రెండో ఏడు పరిశోధన వ్యాసం రాయాలి. మా ప్రొఫెసరు తక్కువ మాటల మనిషి. మీ నదినే తీసుకో, ఏ వరద ఎంత ఎత్తు వచ్చిందో ముందు ఆధారాలు పట్టుకురా, మిగతా సంగతి తర్వాత అన్నారు. నలభై ప్రశ్నల కాగితం అచ్చు వేయించుకుని, ఎండాకాలం చివర సిరోంచలో రసూల్ చాచా ఇంట్లో దిగాను.

చాచా మా నాన్నతో కలిసి బడికి వెళ్లినవాడు. నది వైపు వీధిలో ఆయన కిరాణా దుకాణం, దాని వెనక ఇల్లు, అన్నిటికన్నా వెనక ధాన్యం గది. అది రంజాను నెల. తాను ఉపవాసం ఉండి కూడా మెహరున్నీసా చాచీ మధ్యాహ్నం నాకు వేడి అన్నం వండిపెట్టేది. వద్దంటే, రోజా మాకు గాని నీకెందుకు అనేది. ఈ రుణం ఎలా తీర్చుకోవాలా అని నాకు ఒకటే ఆరాటం. ఆ ఆరాటమే కొంప ముంచింది.

ముందు ఆధారాల సంగతి వినండి. ఒక దఫ్తరులో గుమాస్తా, వరదల రిజిస్టరు ఉండేదని, అది వరదలో కొట్టుకుపోయిందని మరాఠీలో ఎంతో మర్యాదగా చెప్పాడు. సర్కారు ఎస్టీ బస్సెక్కి అహేరి వెళ్లాను. అక్కడ బీరువా ఉంది. తాళంచెవి మాత్రం చామోర్షికి బదిలీ అయిన మనిషి జేబులో ఉంది. ఇక మనుషులనే అడుగుదామని రేవులో పడవ నడిపే లింగయ్య తాతను పట్టుకున్నాను. పెద్ద వరద ఎన్ని అడుగులు వచ్చిందో చెప్పమన్నాను.

"అడుగులు నాకేం తెల్సు బిడ్డా. మేక దాకా వచ్చింది."

"మేక దాకా ఏంటి తాతా?"

"అవ్, మేక దాకనే. దాని తర్వాత ఒకపారి ఊయల దాకా వచ్చింది. నన్నెందుకు పరేషాన్ చేస్తవు? నువ్వున్న ఇంట్లనే గోడ చెప్తది, పోయి అడుగు."

గోడను అడగమన్న మనిషిని ఏమనుకోవాలి? కాగితం మీద అతని పేరు పక్కన 'వృద్ధుడు, మతి స్థిమితం తక్కువ' అని రాసుకున్నాను. చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారు కదా. నేను ఎమ్మెస్సీ దాకా చదివాను కాబట్టి నాకు కాకరపాదు కూడా కనబడలేదు.

పండగ నాలుగు రోజులుందనగా చాచా సరుకుల కోసం చంద్రపూర్ వెళ్లాడు. మర్నాడు పొద్దున చాచీ అహేరిలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి సాయంత్రానికి వస్తానంది. అప్పటికే ముందు గదులకు కూలీలు సున్నం వేసి వెళ్లారు. ధాన్యం గది మాత్రం వదిలేశారు. ఎందుకు వదిలేశారో ఆలోచించే తెలివి ఉంటే ఈ కథే ఉండేది కాదు. వాళ్లు బద్ధకస్తులని తేల్చి, మిగిలిన సున్నంలో నీలిమందు కలిపి, కొంగు బిగించాను.

ఆ గదిలో తలుపు పక్క గోడ మరీ అన్యాయంగా ఉంది. కింది నుంచి పై దాకా అడ్డగీతలు, బొగ్గు మరకలు, మేకుతో చెక్కిన పిచ్చి బొమ్మలు. ఒక పడవ, నాలుగు కాళ్ల జంతువు ఏదో ఒకటి, ఒక ఊయల. మేక అన్న మాట, ఊయల అన్న మాట నా చెవిన పడి వారం కూడా కాలేదని మీకు గుర్తుంది. నాకు లేదు. పిల్లలు ఇంత పాడుచేస్తుంటే చాచీ ఎలా ఊరుకుందా అని నొచ్చుకుని, కలుపు తీసే ఖుర్పీతో గోడంతా గీకాను. లోతుగా ఉన్న గాట్లను మట్టితో మెత్తి, నున్నగా అలికి, ఆరాక రెండు పూతలు వేశాను. గోడ పాలగిన్నెలా మెరిసింది.

సాయంత్రం చాచీ రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"గోడ ఏదీ?" అంది.

"ఎదురుగానే ఉంది కదా చాచీ."

ఆమె వచ్చి తడి సున్నం మీద అరచెయ్యి ఆనించి, కింది నుంచి పైకి మెల్లగా తడిమింది. తర్వాత బస్తా మీద కూర్చుంది. తిట్టలేదు. చెప్పింది. చాచా వాళ్ల తాత కాలం నుంచి, ఇంట్లోకి నీళ్లు వచ్చిన ప్రతిసారీ తడి ఎక్కడి దాకా ఉందో అక్కడ ఒక గీత చెక్కేవారు. ఆ పెద్దలకు చదువు రాదు కాబట్టి ఏడాది గుర్తుకు పక్కన ఒక బొమ్మ వేసేవారు. ఎవరిదో మేక కొట్టుకొచ్చి ఆ గదిలో తేలిన ఏడు మేక. చాచీ పెద్దకొడుకు పుట్టిన ఏడు నీళ్లొస్తే ఊయలను దూలానికి ఎత్తి కట్టారు, ఆ ఊయల బొమ్మ చాచీ అత్తగారు చెక్కింది. నది పెరిగినప్పుడల్లా వీధిలోవాళ్లు వచ్చి ఆ గోడ చూసి, రేవులో నీళ్లు ఫలానా రాయి ముంచితే ఇక్కడ ఏ గీత దాకా వస్తాయో లెక్కగట్టి, విత్తనాల బస్తాలు ఎంత ఎత్తున పెట్టాలో తేల్చుకునేవారట.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ల గురించి మీరు విన్నారు. నేను వెతికి వెతికి ఇంటికొచ్చి, ఆ పిల్లకే సున్నం పూశాను.

కాళ్ల మీద పడబోయాను. అందరినీ అడిగి, కొలిచి, గీతలన్నీ మళ్లీ గీస్తానన్నాను.

"గీతలు మళ్ల గీస్తం బిడ్డా. మా అత్త చెయ్యి ఏడికెళ్లి తెస్తం?" అంది చాచీ. అని, నాకు అన్నం పెట్టడానికి లేచింది.

మర్నాడు చాచా వచ్చాడు. సరుకులతో పాటు పండక్కి నాకొక చీర కూడా తెచ్చాడు. గది చూశాడు. "మంచిగ తెల్లగున్నది" అన్నాడు. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. పండగ రోజు వచ్చినవాళ్లంతా ఆలింగనాలు చేసుకుని, షీర్ ఖుర్మా తాగి, పరామర్శకు వచ్చినట్టు వరసగా ధాన్యం గదిలోకి వెళ్లి గోడను చూసి వచ్చారు. కొత్త చీర కట్టుకుని తలుపు చాటున నిలబడ్డాను నేను.

నాగపూరు వెళ్లే మొహం లేక అక్కడే ఉండిపోయాను. గీతలు తిరిగి గీద్దామని లింగయ్య తాతను పిలిపించాం. మేక వరద తన ఛాతీ దాకా వచ్చిందన్నాడు. అప్పుడు నువ్వు పొట్టిగుంటివి కదా అన్నాడు చాచా. తాతకు కోపం వచ్చి చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మళ్లీ బతిమాలి తెచ్చాక, మేకను కాస్త అటూ ఇటూగా ఒకచోట నిలబెట్టాం. ఊయల దగ్గర బొగ్గు చాచీ చేతికిచ్చాను. ఆమె వెనక్కి ఇచ్చేసింది. అక్కడ ఖాళీగానే వదిలేశాం.

శ్రావణంలో నది పెరిగింది. అవతల గోదావరి నిండితే ప్రాణహితను లోపలికి రానియ్యదు, నీళ్లు వెనక్కి తన్నుతాయి. పొద్దున్నే రేవులో రాయి మునిగింది. వీధిలోవాళ్లు అలవాటుగా మా గదికి వచ్చి, తెల్లగోడను చూసి, నన్ను చూసి, వెళ్లారు. ఎంత వస్తుందో తేలక అందరూ ఉన్నదంతా అటకలెక్కించారు. చాచా దుకాణం బస్తాలు సగం నేనే మోశాను. మధ్యాహ్నానికి నీళ్లు వచ్చాయి. గదిలో జానెడు ఎత్తు దగ్గర ఆగి, సాయంత్రానికి బుద్ధిగా వెనక్కి వెళ్లాయి.

ఈలోపు ఎదురింటివాళ్ల అటక బరువుకు విరిగి, బస్తాడు కందిపప్పు కింద పడింది. ఎత్తకుండా మంచం మీద పెట్టినా తడవని పప్పు, భద్రత కోసం ఎత్తి నీళ్లలో పోసుకున్నారు. వాళ్లింటికి వెళ్లి, బురదలో కూర్చుని పప్పు ఏరాను. ఆ ఇంటి ముసలమ్మ, "నువ్వేం చదువుతున్నవు బిడ్డా?" అని నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాన్న మాటే చెప్పాను. వానకాలం గురించి అన్నాను.

తడి ఆరకముందే చాచా మేకు, సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఈ ఏడు గీత నువ్వే పెట్టు."

గీత చెక్కాను. పక్కన ఏ బొమ్మ వేయాలో తెలియక చూశాను. పండగ తర్వాత మొదటిసారి చాచీ మొహంలో నవ్వు కనబడింది.

"కుంచె గియ్యి" అంది.

గీశాను. వీధిలోవాళ్లు ఇప్పటికీ దాన్ని కుంచె వరద అంటారు.

నాగపూరు వెళ్లి వ్యాసం రాశాను. గోడ గురించి రాయక తప్పలేదు. 'మానవ తప్పిదం వల్ల ఈ ఆధారం నశించినది' అని గంభీరంగా రాసి గట్టెక్కాననుకున్నాను. ప్రొఫెసరు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి తలెత్తారు.

"ఎవరా మానవుడు?"

"నేనే సర్."

ఆయన నవ్వలేదు. నది ఒడ్డు జనానికి ఉన్న ముప్పుల పట్టికలో అది కూడా చేర్చమన్నారు. చేర్చాను. వరద, ఒడ్డు కోత, విత్తనం తడవడం, ఇవన్నీ రెండో వరస నుంచి మొదలవుతాయి. మొదటి వరసలో 'చదువుకున్న అతిథి' అని ఉంటుంది.

కనుక పాఠకులారా, ప్రాణహిత నీళ్లు దోసిట పట్టి నేను చేసిన ప్రమాణం ఇది: ఎవరి గోడనైనా, అది ఎంత మురికిగా ఉన్నా, ఆ ఇంటి పెద్దలను అడగనిదే తడిగుడ్డతో కూడా ముట్టను. ఈ వంకతో నేను పెళ్లయిన నాటి నుంచి ఇంట్లో బూజు దులపడం లేదని మా ఆయన ఫిర్యాదు. దులపమని ఆయన అడిగినప్పుడల్లా మా అత్తగారిని అడగాలంటాను. ఆవిడ ఇంకా ఆలోచిస్తున్నారు.