మేక తల టీషర్టు

డోర్నకల్ నుంచి వచ్చి జనగామలో అద్దెకు దిగిన కొత్తలో, మేక తల బొమ్మ ఉన్న నా నల్ల టీషర్టును డాబా మీద ఆరేశాను. ఇంటి యజమాని ధాన్యం వ్యాపారి. అది చూసి వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు.

"గిది సైతాన్ బొమ్మ గద? నువ్వు దయ్యానికి మొక్కుతవా?"

ఆ సంగతులు కొంత చదివి ఉన్నాను కాబట్టి ఓపిగ్గా చెప్పాను. "సైతాన్ పేరు పెట్టుకున్నోళ్లల్ల చానమంది ఏ దయ్యాన్నీ నమ్మరన్నా. మేం ఎవరికీ తల వంచం అని చెప్పుకోనీకి ఆ బొమ్మ పెట్టుకుంటరు. నిజంగ సైతాన్‌నే కొలిచెటోళ్లు కొందరే. పిల్లల్ని బలిస్తరన్నది ఉత్త పుకారు."

"మొక్కనప్పుడు బొమ్మెందుకు?"

ఆయన నెత్తిమీదే, గుమ్మానికి, కొమ్ములూ కోరలతో నాలుక చాపుకుని దిష్టిబొమ్మ వేలాడుతోంది. "మరి దీనికి మీరు మొక్కుతరా?" అన్నాను.

"అది దిష్టికి!" అని కసురుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆయనే చాయ్ తెచ్చిచ్చి, గొంతు తగ్గించాడు. "గా కొలిచెటోళ్లు కొందరున్నరంటివి గద, గాళ్లు చేతబడి చేస్తరా? భూమి కాడ మా తమ్ముడు జర పరేషాన్ చేస్తున్నడు."

"గసొంటియి నాకు తెల్వయన్నా."

ఆయన ముఖం చిన్నబోయింది. "చేతబడి గూడ తెల్వనప్పుడు గా సైతాన్ బొమ్మెందుకు?" అంటూ లేచాడు. మర్నాడే ఇల్లు ఖాళీ చేయమన్నాడు.