మళ్లీ మట్టిలో పెట్టిన పతకం

లాక్‌డౌన్‌లో ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులవి. ఐర్లండ్‌లోని క్లోనీ ఊళ్లో మా ఇంటి వెనక సాగు మానేసిన పొలంలో, ఎవరినీ అడగకుండా, పాత నాణేల కోసం మెటల్ డిటెక్టర్ తిప్పేవాణ్ణి. "ఆ కర్ర బదులు చీపురు తిప్పితే ఇల్లైనా బాగుపడుతుంది" అనేది నర్సు డ్యూటీ చేసి వచ్చిన మా ఆవిడ.

ఒక మధ్యాహ్నం తెల్లరాళ్ల మధ్య డిటెక్టర్ ఐర్లండంతా ఉలిక్కిపడేలా అరిచింది. రాజుల నిధే అనుకుని పాతాళం దాకా, అంటే జానెడు లోతు, తవ్వాను. గోరంత మరియమాత పతకం దొరికింది.

"అది అక్కడే పెట్టెయ్ బాబూ!"

గోడ అవతల పొలం యజమాని. ఎనభై దాటిన ముసలాయన. పోలీసుల్ని పిలుస్తాడని డిటెక్టర్ వెనక్కి దాచాను. ఆయన మాత్రం నా చేతిలోని పతకాన్నే చూస్తున్నాడు.

"అక్కడ మా చెల్లి ఉంది. పుట్టిన రోజే పోయింది. బాప్తిస్మం కాలేదని చర్చి శ్మశానంలోకి రానివ్వలేదు. అమ్మ తన మెళ్లో పతకం తీసి నాన్నకిచ్చి పంపింది."

పతకం పెట్టి, చేతులతోనే మట్టి కప్పాను. దగ్గరకెళ్లి ఆయన చెయ్యి పట్టుకుందామంటే రెండు మీటర్ల దూరం అడ్డు.

"ప్రార్థన చెయ్యనా? నాకు తెలుగులోనే వస్తుంది."

"గ్రాండ్, అలాగే చెయ్యి. పాపకి ఏ భాషైనా ఒకటే" అంటూ టోపీ తీశాడు.

మా క్రైస్తవ సంఘంలో పెద్దయ్యాకే బాప్తిస్మం ఇస్తారు. ఆ పాత నియమం ప్రకారం, ఏమైనా జరిగుంటే, నా పిల్లలిద్దరికీ అలాంటి పొలమే దిక్కయ్యేది. ఇంటికెళ్లేసరికి ఇద్దరూ ఇల్లు ఎగిరిపోయేలా కొట్టుకుంటున్నారు. ఆ రోజు మాత్రం గోల ఆపమనలేదు.