కొండ మీదికి నీళ్లు

రత్తమ్మ సింగపూర్ వచ్చి పదకొండేళ్లయింది. మనవరాలు మహతి పుట్టినప్పుడు మూడు నెలలకని వచ్చిన మనిషి, బుకిట్ పంజాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండిపోయింది. అల్లుడి ఉద్యోగం ఓడల మీద; ఇంట్లో ఉండేది ఏడాదికి నాలుగు నెలలు. కూతురు రజిత ఆంగ్ మో కియోలో ఒక వర్క్‌షాపులో పని చేస్తుంది. ఇంకా కట్టని భవనాలకు నమూనాలు చెయ్యడం ఆమె పని. వేలెడు చెట్లు, గోరంత కార్లు, బియ్యపు గింజంత మనుషులు. "ఇల్లు కట్టకముందే బొమ్మ చూసి కొనీసుకుంతారంట" అని రత్తమ్మ కింద బెంచీల దగ్గర కూర్చునే ఆడవాళ్లకు చెప్పేది.

ఆమెది వంశధార ఒడ్డున ఒక చిన్న ఊరు. భర్త పోయాక పలాసలో జీడిపిక్కలు కొట్టి రజితను పాలిటెక్నిక్ చదివించింది. జీడి నూనె కాల్చిన మచ్చలు ఆమె వేళ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. అంతకుముందు బతుకెలా గడిచిందో రజిత ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఆ ఏడు మార్చిలో వర్క్‌షాపుకు కొత్తరకం పని వచ్చింది. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట గ్రీసు దేశంలో ఒక కొండ నెత్తిన ఊరుండేది. ఇప్పుడక్కడ పునాదులు తప్ప ఏమీ లేవు. ఒక చిన్న మ్యూజియం పెట్టే ప్రదర్శనకు, జనం కాపురమున్న రోజుల్లో ఆ ఊరు ఎలా ఉండేదో చూపించే నమూనా కావాలి. వర్క్‌షాపులో చోటు లేక, యజమాని దాన్ని ఇంటి దగ్గర అతికించుకోమన్నాడు. నలభై రెండు అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తే కొండ తయారైంది. నెల రోజులకు పైగా భోజనాల బల్ల దానికే సరిపోయింది. ముగ్గురూ నేల మీద కూర్చుని తినేవారు. రత్తమ్మకు అలాగే బాగుంది.

రజిత రోజుకు నాలుగైదు ఇళ్లు నిలబెట్టేది. ముందు గోడ, తరవాత గుడి, తరవాత సంత జరిగే చోటు. ఒక ఆదివారం రత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది.

"ఒలే, ఈ ఊరోలు నీల్లెక్కడ తాగీవోరే?"

"రాతిలో తొలిచిన తొట్లున్నాయమ్మా. వాన నీళ్లు పట్టుకునేవాళ్లు. ఇవిగో, రెండు."

"వానల్లేనప్పుడో?"

రజిత డ్రాయింగు తిప్పి చూసింది. కొండకు ఉత్తరాన, బాగా అడుగున, కాగితం అంచులో ఒక నీలం చుక్క ఉంది. అది ఊట. ఆ చుక్కకూ ఊరికీ మధ్య ఏ గీతా లేదు. ఊళ్లోకి ఉన్న దారి ఒకటే. అది దక్షిణాన ఉన్న పెద్ద ద్వారానికి బండ్లు ఎక్కే దారి.

రత్తమ్మ చేతులు తుడుచుకుని లేచి వచ్చింది. "ఈ బండిదారంట తిరిగొస్తే పొద్దుగూకిపోద్ది. ఆడోలు ఇలగొచ్చుంతారు" అని, ఊట దగ్గర వేలు పెట్టి ఉత్తరపు వాలు మీద పైకి నడిపించింది. వేలు గోడ దగ్గరకు వెళ్లి ఆగింది. అక్కడ తలుపు లేదు.

రెండు రోజులకు, మ్యూజియం తరఫున ఈ పని చూస్తున్న కీర్తిక ఇంటికి వచ్చింది. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు తాతల దగ్గర విని నేర్చుకుంది.

"ఆంటీ, ఆ రూట్ గురించి రజిత చెప్పింది. మీకెలా తెలిసింది?"

"మా ఊరి కాడ బుద్దుడి మెట్టని ఒక కొండుంది. పాతకాలంనాటి ఇటికి గోడలు. గవర్మెంటోలొచ్చి తవ్వీవోరు. మూడు ఎండాకాలాలు ఆలకి నీల్లు మోసేను." రత్తమ్మ మళ్లీ వేలు పెట్టింది. "నిండు బిందెట్టుకుని నిటారుగా ఎక్కనేం. ఏటవాలుగా పోవాల. ఈ కాడికొచ్చి ఇటు తిరగాల. ఇదిగో, ఇక్కడ నడుమెత్తు రాయేదో ఉండుంతాది."

"రాయి ఎందుకు?"

"బిందె దించుకోడానికి. నేలమీద దించీస్తే మల్లీ నెత్తికెత్తడానికి ఇంకో మనిసి గావాల. రాయుంటే ఒక్కత్తే దించుకోవొచ్చు, ఎత్తుకోవొచ్చు."

కీర్తిక రాసుకుంటోంది. "అక్కడ ఆగేవాళ్లని షూర్‌గా చెప్పగలరా ఆంటీ? ఆగకుండా డైరెక్టుగా పైకి వెళ్లలేరా?"

"ఎల్లొచ్చు" అంది రత్తమ్మ. వేలు వెనక్కి తీసుకుంది. "నానెల్లేను ఒకసారి."

రజిత తలెత్తి చూసింది.

"మా కొండకి అలాటి రాయి నేదు. నానూ రాములమ్మా జట్టు. ఒకరికొకరం ఎత్తుకునీవోలం. ఆవేల రాములమ్మకి జొరం, రానేదు. నాకు ఆరో నెల. దించితే ఎత్తీవోలు నేరు కదా అని ఆగకుండా ఎక్కీసేను. మూడో బిందెకి కాలు జారిపోనాది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పైన ఆపీసరు మంచోడే. పని ఆపించీసి, మంచం మీద మోయించి ఊల్లోకి దించేడు. బిడ్డ దక్కనేదు. పదో రోజున మల్లీ ఎల్లేను. ఎండలు ముదిరిపోనాయి. నీల్లు నేకపోతే ఆలు మాత్రం ఏటి తవ్వుతారు?"

రజిత చేతిలోని కత్తిని బల్ల మీద పెట్టింది. తనకంటే ముందు ఒక బిడ్డ కడుపున పడిందని ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రత్తమ్మ టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లింది.

కీర్తిక ఆ రోజే గ్రీసులో తవ్వకాలు జరిపినవాళ్లకు ఉత్తరం రాసింది. జవాబు రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఉత్తరపు గోడలో ఒక మనిషి పట్టేంత సన్నని వాకిలి నిజంగానే బయటపడిందట. యుద్ధం వచ్చినప్పుడు సైనికులు చాటుగా దిగడానికని అనుకున్నారు. అందుకని డ్రాయింగులో దాన్ని మూసి, గోడలాగే చూపించారు. దాని కిందున్న వాలునంతా ఎప్పుడో మెట్లుమెట్లుగా చదును చేసి ఆలివ్ చెట్లు పెట్టారు. దారి ఉన్నా దాని గుర్తు మిగల్లేదు. నీళ్లు మోసే దారి అనడం సబబుగానే ఉంది గానీ, రుజువు లేనిదాన్ని నమూనాలో గీయడం కుదరదని మర్యాదగానే రాశారు.

రజిత ఆ ఉత్తరాన్ని తెలుగులో చదివి వినిపించింది. అమ్మ బాధపడుతుందని ఆమె భయం.

"పోనీలే. కనపడందాన్ని ఎలా గీత్తారు?" అంది రత్తమ్మ.

ఆ సాయంత్రం రజిత సన్న కత్తి తీసుకుని ఉత్తరపు గోడలో అతికించిన ముక్కను జాగ్రత్తగా ఊడదీసింది. అక్కడ వడ్లగింజంత వెడల్పున వాకిలి తెరిచింది. తలుపు రెక్కను లోపలికి తీసి ఉన్నట్టు అతికించింది. వాలు మీద ఏమీ గీయలేదు.

జూన్‌లో ప్రదర్శన తెరిచారు. రత్తమ్మ పెట్టెలో దాచుకున్న గంధం రంగు పట్టుచీర కట్టుకుని, కూతురితో, మనవరాలితో వెళ్లింది. గాజుపెట్టెలో దీపాల వెలుగులో కొండ ఇంట్లో కంటే చిన్నదిగా కనిపించింది. చుట్టూ జనం గుడినీ, సంతనూ వేలుపెట్టి చూపించుకుంటున్నారు. ఉత్తరం వైపు ఎవరూ లేరు. రత్తమ్మ అటు వెళ్లి నిలబడింది. అక్కడ అతికించిన కాగితం చదవమని మహతికి చెప్పింది.

"అమ్మమ్మా, వాటర్ కింద నుంచి తెచ్చారు, మోస్ట్‌లీ ఉమెన్, అని ఉంది. బట్ ఏ రోడ్‌లో వచ్చారో నోబడీ నోస్."

"తెలీదని రాసేరా?"

"యా. 'నాట్ యెట్ నోన్.' ఇంకా తెలీదు అని."

"అలగే రాయాల" అంది రత్తమ్మ. చాలాసేపు అక్కడే ఉంది. మహతికి కాళ్లు లాగి, ఆకలేసి, కీర్తికతో పాటు ఏదైనా తినడానికి వెళ్లిపోయింది. రజిత మాత్రం తల్లి పక్కనే నిలబడింది.

తిరుగు ప్రయాణంలో రైల్లో ముగ్గురికీ వరసగా చోటు దొరికింది. మహతి వెంటనే ఫోన్‌లో పడిపోయింది. మూడు స్టేషన్లు దాటాక రజిత తల్లి వైపు వంగి నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, అప్పుడు... ఆడపిల్లా, మగపిల్లాడా?"

"మొగపిల్లడు."

"ఎక్కడ పెట్టారు?"

"కొండ కిందన. ఏటి గట్టుకి ఇవతల, మొగలి పొదల కాడ. మీ నాన్న ఒక్కడే ఎల్లేడు. నన్ను రానియ్యనేదు." రత్తమ్మ ఒడిలోని చేతులను చూసుకుంది. "పేరు నేదు. పెట్టకుండానే ఎలిపోనాడు."

రజిత మచ్చలున్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తల్లి వెనక్కి తీసుకోలేదు. బుకిట్ పంజాంగ్ వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.