డెబ్బై గ్రాముల చెమ్మ

మా పరదేశి చేతిలో ఏది పెట్టినా ముందు దాని బరువు చెబుతాడు, తర్వాతే అదేమిటని అడుగుతాడు. ఓసారి మా కొట్టుకి వచ్చినప్పుడు టీ గ్లాసు అందిస్తే, తాగకుండా ఎత్తి పట్టుకుని, "బావా, నిన్నటికంటే పది గ్రాములు తగ్గింది. టీ కొట్టువోడు పోత తగ్గించేడు సూసుకో" అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ, మర్నాడు నేనూ కాటా మీద పెట్టి చూశాను. ఎప్పుడూ వచ్చే బరువుకి పన్నెండు తగ్గింది.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పై ఏళ్లుగా దిమ్మలు ఎత్తి చూడటమే అతని పని. రైతు బండి దించగానే వచ్చి దిమ్మని రెండు చేతుల్తో లేపి చంటిపిల్లని ఆడించినట్టు ఆడిస్తాడు. వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి వింటాడు, తిరగేసి అడుగు వాసన చూస్తాడు, ఓ మూల గోరుతో గీస్తాడు. ఒకే అచ్చులో పోసిన దిమ్మల్లో ఒకటి బరువెక్కిందంటే లోపల చెమ్మ ఉన్నట్టే అని అతని లెక్క. అతను చెమ్మ అన్న దిమ్మని షావుకారు పక్కన పెట్టిస్తాడు. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు, ఎత్తగా ఎత్తగా వచ్చింది. మార్కెట్లో అందరూ అతన్ని చేతికాటా అంటారు. నేను కాటాలు రిపేరు చేసేవాణ్ణి, నాకూ ఎవరూ నేర్పలేదు. మా ఇద్దరికీ అందుకే పడుతుంది.

ఇక అతని కూతురు పావని సంగతి. చెరకు తోటల సర్వే చేసే ఓ ప్రైవేటు ఆఫీసులో చేరి నెల కాలేదు. పొద్దున్నే బస్సెక్కి ఊళ్లకి పోవాలి, గట్టుగట్టూ తిరిగి ఏ మడిలో ఏ రకం ఉందో లాప్‌టాప్‌లో ఎక్కించాలి, సాయంత్రం ఆరింటిలోగా ఆఫీసుకి పంపాలి. ఎవర్నో అడిగి తెచ్చుకున్న పాత లాప్‌టాప్ రాంబిల్లిలో మధ్యాహ్నం రెండింటికే ఆరిపోయింది. తోట మధ్యలో ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది? పావని తలెత్తకుండా తిరిగొచ్చింది. "ఇంకోసారి ఇలా జరిగితే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నాడు సారు. పైగా ఆ పాతది రెండున్నర కేజీలు. భుజం మీద ఎర్రటి గాడి పడింది.

దాంతో సోమవారంలోగా కొత్తది కొనాల్సొచ్చింది. భుజానికి బరువుండకూడదు, సాయంత్రం దాకా ఆరిపోకూడదు. ఇంట్లో ఉన్నప్పుడు వాళ్లమ్మ అప్పలనర్సమ్మకి సీరియల్ కూడా కనిపించాలి. ఆ మూడోది అప్పలనర్సమ్మ చేర్చింది.

"నువ్వు రాకు నాన్నా" అంది పావని.

"తూకం లేకుండా సరుకెలా కొంటావు తల్లీ?" అని పరదేశి చొక్కా తొడుక్కున్నాడు. మిషన్ల సంగతి తెలిసినవాణ్ణని నన్నూ లాక్కెళ్లాడు. నాకు తెలిసిన మిషన్ కాటా ఒక్కటే.

కంప్యూటర్ల కొట్టు రామ్‌గోపాల్‌ది. మంచి కుర్రాడే గానీ మాట ముందు, చూపు వెనక. రెండు లాప్‌టాపులు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి వెండి రంగు, ఒకటి నలుపు.

"తేలిక రకాలండి. ఇప్పుడు గిరాకీ అంతా వీటికే."

"తేలికని సెప్పి మరీ అమ్ముతున్నావా బాబూ?" అన్నాడు పరదేశి. "మా మార్కెట్లో తూకం తగ్గితే ఎనక్కి పంపేత్తాం."

"బరువైనవి కావాలంటే ఉన్నాయండి. సగం రేటుకే వస్తాయి."

"ఎక్కువ సరుకు సగం రేటుకా!" పరదేశి నా వైపు తిరిగాడు. "బావా, ఈ బాబు అమాయకుడు. ఏదీ, అవి తియ్యి."

"నాన్నా!"

పావని గొంతు విని వెనక్కి తగ్గాడు గానీ చేతులు ఆగవు కదా. వెండిదాన్ని మూసి, మూత మీద కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి, "గుల్ల" అన్నాడు. తిరగేసి గాలి వచ్చే కన్నాల దగ్గర వాసన చూశాడు. ఓ మూల గోరు పెట్టబోయేసరికి రామ్‌గోపాల్ బల్ల మీదుగా వంగి అతని చెయ్యి పట్టేసుకున్నాడు.

"గీతలు పడతాయండీ!"

"గియ్యకపోతే లోపలి సరుకెలా తెలుత్తాది?"

"ఇందులో లోపలి సరుకు చూడక్కర్లేదండి. చీటీ మీద అన్నీ ఉంటాయి."

రెండింటి ముందూ చీటీలున్నాయి. రెండింటి మీదా ఒకే రాత: బరువు కిలో రెండువందల నలభై గ్రాములు, బ్యాటరీ పది గంటలు. రేటు కూడా అటూ ఇటూగా ఒకటే.

"సాయంత్రం దాకా నిజంగా ఏది వస్తుందండి?" అడిగింది పావని. "నాకు అదొక్కటే కావాలి."

"రెండూ వస్తాయమ్మా. రంగులోనే తేడా."

పావని కాసేపు దీని మీదా, కాసేపు దాని మీదా టైపు చేసి చూసింది. వెండిదాని అక్షరాలు మెత్తగా ఉన్నాయంది. నల్లదాని బొమ్మ ఎండలో బాగా కనిపిస్తుందేమో అంది. గుమ్మం దాకా ఒకటి పట్టుకెళ్లి చూసి, రెండోది పట్టుకెళ్లి చూసి, మళ్లీ మొదటికొచ్చింది. చివరికి వెండిది తీసుకుంటానని నోరు తెరుస్తుంటే పరదేశి కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి ఎత్తి కళ్లు మూసుకున్నాడు.

"ఒకటి కాదు" అన్నాడు. "నల్లది డెబ్బై గ్రాములు ఎక్కువ."

"చీటీ మీద ఒకటే ఉందండి" అన్నాడు రామ్‌గోపాల్.

"సూసి రాసేవా, రాసేక సూసేవా?"

మార్కెట్లో మూటలు మోసే పోతురాజు ఫోన్ చార్జరు కోసం వచ్చి అప్పటిదాకా గుమ్మంలో నిలబడి తమాషా చూస్తున్నాడు. "చేతికాటాకి వయసైపోనాది మామా" అన్నాడు. "ఓపాలి నువ్వూ రిపేరుకెళ్లు."

ఆ మాట గుచ్చుకుంది. "డెబ్బై కాకపోతే రేపట్నించి మార్కెట్లో దిమ్మ ముట్టను" అనేశాడు పరదేశి.

పావని నెత్తి కొట్టుకుంది. "నేను లాప్‌టాప్ కొనడానికొచ్చేను నాన్నా, నువ్వు పందెం కాయడానికొచ్చేవు."

మా కొట్టు రెండు వీధుల అవతలే. నల్లదాన్ని పావని, వెండిదాన్ని రామ్‌గోపాల్ గుండెకి హత్తుకుని బయల్దేరారు. నడిరోడ్డు మీద మమ్మల్ని చూసి పోతురాజు ఇంకో ముగ్గుర్ని పోగేశాడు.

నేను కరెంటు కాటా తుడిచి పెట్టాను. పరదేశి ఒప్పుకోలేదు. "కరెంటు సెప్పిన మాట నాను ఇనను. త్రాసు తియ్యి బావా."

ఇత్తడి తక్కెళ్ల త్రాసు అది. ముల్లు నేనే ఆకురాయితో రుద్ది నిలబెట్టాను. ఖాళీ తక్కెళ్లతో ముల్లు సరిగ్గా నిలిచిందని అందరికీ చూపించి, ఎడమవైపు వెండిది, కుడివైపు నల్లది పెట్టాను. అలా రెండు లాప్‌టాపులు తక్కెళ్లలో ఊగుతుంటే వంకాయల్లా ఉన్నాయి. రామ్‌గోపాల్ రెండు చేతులూ కింద పట్టుకుని నిలబడ్డాడు, పడితే అందుకుందామని.

కుడితక్కెడ మెల్లగా దిగింది.

ఎడమవైపు యాభై గ్రాముల రాయి వేశాను. ఇంకా దిగే ఉంది. ఇరవై వేశాను. ముల్లు వచ్చి మధ్యలో నిలబడింది. త్రాసులో తేడా ఉందని ఎవరూ అనకుండా లాప్‌టాపుల్ని ఇటుది అటు, అటుది ఇటు మార్చి మళ్లీ తూచాను. మళ్లీ డెబ్బయ్యే.

"నేనన్నది నీ వయసు గురించి కాదు మామా, చొక్కా గురించి" అన్నాడు పోతురాజు.

పరదేశి అతని వైపు చూడనైనా లేదు. కూతురి దగ్గరకి వెళ్లి గొంతు తగ్గించి చెప్పాడు. "తల్లీ, నల్లది వద్దు. వెండిదే తీసుకో. నల్లదాన్లో చెమ్మ ఉన్నాది."

"లాప్‌టాప్‌లో చెమ్మేటి నాన్నా?"

"ఒకే కొలత, ఒకే చీటీ. ఒకటి డెబ్బై గ్రాములు ఎక్కువుందంటే మరేటి? బాబూ, ఈ సరుకు సముద్రం మీద వచ్చిందా?"

"వచ్చే ఉంటుందండి" అన్నాడు రామ్‌గోపాల్.

"మరి!"

పోగైనవాళ్లంతా తలలూపారు. మార్కెట్ మనుషులు కదా, బరువెక్కిందంటే వాళ్లకీ మొదట తోచేది చెమ్మే. ఒకతను నల్లదాని మీద చెయ్యి పెట్టి, "అవును, సల్లగా ఉన్నాది" అన్నాడు.

పావని మాత్రం రెండింటినీ నా బల్ల మీద పెట్టుకుని తెరిచింది. ఏదో నొక్కి, ఏదో రిపోర్టు రప్పించి, ఒకదాన్లో చదివి, రెండోదాన్లో చదివి, మళ్లీ మొదటిదాన్లో చదివింది. మొహం మారింది.

"రామ్‌గోపాల్ గారూ, వెండిదాని బ్యాటరీ యాభై నాలుగు వాట్ అవర్లే ఉంది. నల్లదానిది డెబ్బై రెండు. రెండూ పది గంటలని ఎలా రాశారు?"

రామ్‌గోపాల్ వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... నల్లదాని చీటీ రాసి, వెండిదానికి జెరాక్స్ తీశామండి."

"పెద్ద బ్యాటరీ నాన్నా! నీ డెబ్బై గ్రాములూ అదే. నువ్వు చెప్పకపోతే వెండిదే కొనేసేదాన్ని. మళ్లీ తోట మధ్యలో ఆరిపోయేది."

పరదేశికి ఇది నచ్చలేదు. బరువు గెలిచింది గానీ చెమ్మ ఓడిపోయింది. కాసేపు గడ్డం గోక్కుని నన్నడిగాడు. "బావా, ఈ బ్యాటరీలో ఏటుంటాది?"

"ఏవో రేకులుంటాయి. మధ్యలో ఓ రకం మందు నీళ్లలాంటిది."

"తడేనా?"

"నీరు కాదు."

"తడా కాదా సెప్పు."

"తడే" అన్నాను.

"మరి నానేటన్నాను!" అని అందరి వైపూ తిరిగాడు. పావని నవ్వు ఆపుకుంటూ నల్లదాన్ని సంచిలో పెట్టుకుంది.

అక్కడితో ఊరుకోలేదు. ఆదివారమంతా కూర్చుని, ఆ ఎక్కువ డెబ్బై గ్రాములూ పిల్ల భుజం మీద పడకూడదని సంచిలో సామానంతా ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. స్టీలు గిన్నె తీసి ప్లాస్టిక్‌ది పెట్టాడు. అక్కడ నలభై తగ్గింది. మిగతా ముప్పై కోసం ఆవకాయ సీసా తీసేశాడు. "దానికి అన్నం ఏటితో తినమంటావు, బ్యాటరీతోనా?" అని అప్పలనర్సమ్మ మళ్లీ పెట్టింది. ఆఖరికి గొడుగు పిడి కోసేశాడు.

సోమవారం పావని మళ్లీ రాంబిల్లే వెళ్లింది. ఐదైన దగ్గర్నుంచీ పరదేశి అరుగు మీద కూర్చుని లేస్తూ ఉన్నాడు. నేను ఊరికే వచ్చినట్టు వచ్చి పక్కన కూర్చున్నాను. ఫోన్ చేద్దామంటే, "పన్లో ఉంటాది, వద్దు" అన్నాడు. తనే మూడుసార్లు ఫోను తీసి లోపల పెట్టుకున్నాడు.

ఆరున్నరకి పావని సందు మలుపు తిరిగింది. తల ఎత్తుకునే నడుస్తోంది.

"ఆరిపోయిందా?" దూరం నుంచే అరిచాడు.

"లేదు నాన్నా. అన్నీ ఎక్కించి ఆరు కాకుండానే పంపించేసేను. సారు బాగుందని మెసేజ్ పెట్టేడు. ఇంకా ఇరవై శాతం మిగిలింది కూడా."

పరదేశి ఆమె భుజం మీంచి సంచి దించాడు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి రెండు చేతుల్లోకి తీసుకుని, చంటిపిల్లని ఆడించినట్టు ఆడించాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇరవై కాదు" అన్నాడు. "పద్దెనిమిది."

పావని నా వైపు చూసి, మూత తెరిచింది. పద్దెనిమిది.

పావని దాన్ని ఆపకుండానే మూసి సంచిలో పెట్టుకుని ఉంటుంది, దార్లో రెండు తగ్గి ఉంటాయి. చార్జింగుకి తూకం ఉండదని ఇన్నేళ్లు కాటాలు బాగుచేసినవాడిగా నాకు తెలుసు. పావనికీ తెలుసు.

"చూసేవా మామయ్యా, మీ బావ ఎంత కరెక్టుగా చెప్పేడో" అంది నాతో.

"చెమ్మ ఆరతంది" అన్నాడు పరదేశి, లాప్‌టాప్‌ని లోపలికి పట్టుకెళ్తూ.