ఎత్తిన చెయ్యి

సిరిసిల్లలో తాను నడిపే మరమగ్గాలు, అదే సాంచాలు, ఆగిపోయి తండ్రి భీవండికి వలసపోయిన ఏడాదే హేమలత ఎనిమిదో తరగతి మానేసింది. పగలంతా కూలికి నూలు కండెలు చుట్టి, సాయంత్రం వాడలోని పాత ఆటల హాలుకు వెళ్ళేది. కాపలా చూసే ఎల్లేశం తాత క్యారమ్స్ ఆడేవాళ్ళను జరిపి, ఆమెకు పేపరు చదువుకునే చోటిచ్చేవాడు.

"నీ బడి బందయింది గని, గీ హాలు బంద్ కాలే బిడ్డా," అనేవాడు.

ఇప్పుడు హాలు పైకప్పు కురుస్తోంది. దాన్ని కూల్చి దుకాణాలు కట్టాలా వద్దా తేల్చడానికి మున్సిపల్ సారు వాడలోని నేతగాళ్ళతో అక్కడే మీటింగు పెట్టాడు.

"ఎవరన్నా మాట్లాడతారా?"

తాత తల వంచుకున్నాడు. హేమలత లేచి నిలబడింది.

సాంచాల మోతలో మాట వినపడదు. పోగు తెగితే చెయ్యెత్తుతారు. చూసినవాళ్ళు సాంచా ఆపుతారు. హేమలత అలాగే చెయ్యెత్తింది. చూసిన నేతగాళ్ళు ఒక్కొక్కరే చేతులెత్తారు.

"ఇదేంటి?" అన్నాడు సారు.

"ఆపుమంటున్నది సార్. మేం గూడ గదే అంటున్నం," అన్నాడు వెనకనుంచి ఒకాయన.

కూల్చడం మానుకొని, పైకప్పు బాగుచేయాలని నిర్ణయించారు.

"నోరు తెరవకనే గింత లొల్లి జేస్తివి," అని నవ్వాడు తాత.

తాత చేతిలోని చీపురు తీసుకొని, హేమలత తాను చదువుకున్న మూల నుంచి ఊడ్వడం మొదలుపెట్టింది.